కింద మడిగెలు, మీద ఇండ్లు : ఒక కిరాయినామా కథ

మన సంఘం వార్షిక సంచికకు ఏదైనా చరిత్ర వ్యాసం వ్రాసి ఇవ్వవలసినదని కార్యదర్శిగారు అడిగినప్పుడు, కుతుబ్‌షాహీల కాలం గురించి నాలుగు మాటలు వ్రాసి పంపుదామని మేము అనుకొన్నాము. కాని గడచిన సర్వసభ్య సమావేశంలో జరిగిన చర్చ మా మనసులోనుంచి పోలేదు. రోడ్డు పక్కన మడిగెలు కట్టి కిరాయికి ఇవ్వాలన్న మాట మన సంఘంలో కొత్తది కాదు. ఈసారి ఒక పెద్దమనిషి లేచి, "కింద హోటలుకిద్దాం, మీద ఆఫీసుకిద్దాం, ఆ పైన ఇద్దరు ముగ్గురు ఉద్యోగస్తుల కుటుంబాలుంటయి. నెల తిరిగేసరికి పైసలొస్తయి. పిల్లల ఫీజులకు, బేవాల పింఛనుకు ఎవరి ముందటా చెయ్యి చాపే పనుండదు" అన్నారు. అందరూ శభాష్ అన్నారు. వెనక బెంచీ నుంచి ఒక చాచా మాత్రం, "కిరాయికొచ్చినోడు రేపు ఖాళీ చెయ్యనంటే ఏం చేస్తరు బేటా?" అని అడిగారు. ఎవరూ జవాబు చెప్పలేదు. చాయ్ వచ్చింది, సభ ముగిసింది.

ఆ చాచా అడిగిన ప్రశ్నకు వందల ఏండ్ల వయసున్నది. దాని చరిత్రనే ఇక్కడ వ్రాస్తున్నాము.

ముందు మా సొంత అనుభవం ఒకటి చెప్పుకోవాలి. 2002 ప్రాంతంలో ఉపాధ్యాయ శిక్షణ కోసం హైదరాబాదులో ఉన్న రోజుల్లో, పాతబస్తీలో ఒక హోటలు మీది గదిలో నలుగురం కలిసి కిరాయికి ఉన్నాము. హోటలు పేరు మాకెందుకు, వారి రిజ్కు వారిది. కింద ఇరానీ చాయ్, సమోసా, మధ్యాహ్నం బిర్యానీ. మధ్య అంతస్తులో ఒక ట్రావెల్ ఆఫీసు, ఉమ్రా టికెట్లు చేసేవారు. అందరికంటె పైన మేమూ, రెండు కుటుంబాలూ. ఫజర్‌కు ముందే భట్టీ అంటుకొనేది, పొగ మెట్లమీదుగా మా గదిలోకి వచ్చేది. మెట్లు ఒక్కటే. ఆ మెట్ల కింద ఉల్లిగడ్డ బస్తాలు, గ్యాసు బండలు పెట్టేవారు. అడిగితే, "పైన ఉండేటోళ్లు నిన్న మొన్న వచ్చినోళ్లు, మేము మా అబ్బాజాన్ జమానా నుంచి ఉన్నం" అని సమాధానం. మేము నలుగురం ఒక్క గదికి నెలకు ఇచ్చే కిరాయికంటె, కింద అంత పెద్ద హోటలు మొత్తానికి ఇచ్చే కిరాయి తక్కువని తరువాత తెలిసింది! మాకు నమ్మశక్యం కాలేదు. చదువుకొన్నవాళ్లం గనుక ఎందుకు ఇట్లా అని విచారించడం మొదలుపెట్టాము.

ఆ విచారణలో మొదట కనిపించింది పత్తర్‌గట్టీ. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలమందిని పొట్టన పెట్టుకొన్న తరువాత, నగరాన్ని తిరిగి కట్టుకోవలసి వచ్చింది. మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాలతో ఉస్మాన్ సాగర్, హిమాయత్ సాగర్ చెరువులు వచ్చిన కథ మన పిల్లలు పుస్తకాల్లో చదువుతారు. దాని పక్కనే జరిగిన ఇంకొక పని ఎవరూ అంతగా చెప్పరు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కిన మరుసటి సంవత్సరం, అంటే 1912లో, నగర అభివృద్ధి బోర్డు ఏర్పడింది. ఇరుకు గల్లీలు తీసి రోడ్లు వెడల్పు చేయడం, మురికివాడల స్థానంలో గాలి వెలుతురు ఉన్న ఇండ్లు కట్టడం దాని పని. చార్మినారుకు పోయే బాటకు ఇరుపక్కల కమానులతో నల్లరాతి దుకాణాల వరుస కట్టింది ఆ బోర్డే. రాతి కట్టడం గనుకనే పత్తర్‌గట్టీ. కింద దుకాణం, మీద నివాసం. వ్యాపారి పగలు కింద కూర్చొంటాడు, రాత్రి మీదికెక్కి పడుకొంటాడు. కొనుక్కొనేవాడు ఎండా వానా తగలకుండా కమానుల కింద నడచిపోతాడు. నిజాం రెండవ కుమారుడు ముఅజ్జం జాహ్ తరువాత ఆ బోర్డుకు అధ్యక్షుడయ్యాడు. ఆయన పేరనే ముఅజ్జం జాహీ మార్కెట్ నిలబడింది. అదీ రాతి కట్టడమే, అదీ కిరాయి మడిగెలే.

ఇక్కడ ఒక చిన్న ముచ్చట. హైదరాబాదు ఉర్దూలో దుకాణం గదిని 'మల్గీ' అంటారు. మన తెలంగాణ తెలుగులో 'మడిగె' అంటాము. కన్నడంలో 'మళిగె' అన్నది ఉన్నది. మూడూ ఒక తల్లి పిల్లల్లాగ కనిపిస్తాయి. బజారులో కూర్చున్న మాటకు మతం, లిపి పట్టింపు ఉండదు కాబోలు.

పత్తర్‌గట్టీ దాటి నయాపూల్ వైపు వచ్చేచోట మదీనా బిల్డింగ్ ఉన్నది. ఆ చౌరస్తాకే మదీనా అని పేరు పడింది. బస్సు కండక్టరు "మదీనా, మదీనా" అని అరిస్తే, కొత్తగా ఊరినుంచి వచ్చిన మా మిత్రుడొకడు నవ్వాపుకోలేకపోయాడు. కాని ఆ పేరు ఊరికే పెట్టింది కాదు. ఆ భవనం ఒక వక్ఫు. కింద మడిగెలు, మీద ఫ్లాట్లు. వాటిమీద వచ్చే కిరాయి హిజాజ్‌లోని మదీనా నగరపు పేదలకు పోవాలని దాని ఉద్దేశం. ఈ మాట చెబితే ఇప్పటి పిల్లలు నమ్మరు. అరబ్బు దేశానికి మనం డబ్బు పంపడమేమిటి సార్ అంటారు. అయ్యా, సౌదీలో దమ్మాంలో చమురు పడింది 1938లో. అంతకుముందు హిజాజ్ బతుకు ఎక్కువగా హాజీలమీదనే. హైదరాబాదు సంస్థానం నుంచి మక్కా మదీనాలకు సహాయం పోయేది. సంస్థాన ప్రజలు హజ్‌కు పోతే ఉచితంగా దిగడానికి మక్కాలో 'రుబాత్' పేర సత్రాలు ఉండేవి. నేటికీ పాత సంస్థాన జిల్లాల హాజీలకు చీటీ తీసి రుబాత్‌లో చోటు ఇచ్చే పద్ధతి ఉన్నది. మన చండ్రుగొండ వైపు నిజాం రాజ్యంలో ఉండేది. గోదావరి అవతల భద్రాచలం ఇంగ్లీషువారి మద్రాసు కింద ఉండి, 1959లో గాని ఖమ్మం జిల్లాలో కలవలేదు. కనుక ఆ రుబాత్ కథ మన తాతల కథ కూడా.

మదీనా బిల్డింగ్‌లోని మదీనా హోటలు సంగతి చెప్పకపోతే చదివేవారు మమ్మల్ని క్షమించరు. దానిని నడిపింది ఇరానీలు. యజ్ద్, కిర్మాన్ ప్రాంతాల నుంచి బయలుదేరి, బొంబాయి పూనాల మీదుగా హైదరాబాదు చేరినవారు. రంజాన్‌లో మన నోరూరించే హలీమును అరబ్బుల ఇండ్లనుంచి, జాగీర్దార్ల దస్తర్‌ఖాన్లనుంచి బజారులోకి తెచ్చిన పేరు ఈ హోటలుకే ఉన్నది. ఇక్కడ గమనించవలసినది ఒకటి. ఇరానీలు సాధారణంగా భవనం కట్టుకోలేదు, కిరాయికి తీసుకొన్నారు. అందులోనూ నాలుగు దారులు కలిసే మూల దుకాణం అంటే ప్రాణం పెట్టేవారు. మూల ఇల్లు కలిసిరాదని ఇతరులు వెనుకాడితే, రెండు రోడ్ల గిరాకీ మాకే అని వీరు సంతోషంగా తీసుకొన్నారంటారు. ఒకసారి సమోవర్ పెట్టి, పాలరాతి బల్లలు వేసి, గోడలకు అద్దాలు బిగించిన తరువాత, ఆ గది ఇక యజమానిదా, హోటలువాడిదా? చాచా ప్రశ్న ఇదే కదా.

ఇది హైదరాబాదుకే పట్టిన సమస్య అనుకోవద్దు. ఈజిప్టు రాజధాని కైరోలో సుల్తాన్ గౌరీ కట్టించిన వికాలా ఇంకా నిలిచి ఉన్నది. అది 1504-05 నాటిది. అయిదంతస్తులు. కింది అంతస్తుల్లో వర్తకుల గోదాములు, దుకాణాలు, పైన అంతస్తుల్లో కాపురాలు. నడుమ పెద్ద అంగణం. వచ్చిన కిరాయి సుల్తాన్ కట్టించిన మసీదు, మదర్సాల పోషణకు. అంటే మన మదీనా బిల్డింగ్‌కు నాలుగు వందల ఏండ్లకు పైబడిన అన్నగారు! పట్టణం నడిబొడ్డున మిద్దె మీద మిద్దె వేసి, కింద అంగడి పెట్టి, ఆ ఆమదనీతో ధర్మం నడపడం ముసల్మానుల నగరాల్లో పాత తరీఖా.

పాత తరీఖా గనుక, దాని జబ్బు కూడా పాతదే. మన హనఫీ ఫుఖహాలు ఈ జబ్బును ముందే పసిగట్టారు. వక్ఫు పొలమైతే మూడేండ్లకు, ఇల్లు దుకాణమైతే ఒక్క ఏడాదికి మించి ముతవల్లీ తన ఇష్టం మీద కిరాయికి ఇవ్వరాదు, ఇవ్వవలసి వస్తే ఖాజీ అనుమతి తీసుకోవాలి అన్నారు. ఎందుకింత పట్టుదల? ఒకే మనిషి ఏండ్ల తరబడి ఒకే చోట కూర్చొంటే, చూసేవారికి అతడే మాలిక్ అనిపిస్తాడు. సాక్షులు చచ్చిపోతారు, కాగితం చెదలు తింటుంది, మనవడు ఇది మా తాత ఆస్తి అంటాడు. ఏడాదికొకసారి కాగితం తిరగరాస్తే, ఎవరిది ఏమిటో ఏడాదికొకసారి జ్ఞాపకం వస్తుంది. ఈ ఒక్క వాక్యంలో ఎంత లోకజ్ఞానం ఉన్నదో, మేము ఆ హోటలు మీది గదిలో పొగ మింగిన తరువాత గాని తెలియలేదు.

తుర్కీలో ఏమైంది? ఇస్తాంబులులో అగ్నిప్రమాదాలు ఎక్కువ, కట్టెల ఇండ్లు. కాలిపోయిన వక్ఫు భవనాలను తిరిగి కట్టడానికి డబ్బు లేక, 'ఇజారతైన్' అనే పద్ధతి తెచ్చారు. అంటే రెండు కిరాయిలు. ముందు ఒక పెద్ద మొత్తం, తరువాత ఏటేటా నామమాత్రపు చిన్న మొత్తం. భవనం లేచి నిలబడింది, నిజమే. కాని కిరాయిదారు హక్కు కొడుకులకు కూడా దిగసాగింది. వక్ఫుకు మిగిలింది ఆ చిన్న మొత్తమే.

హైదరాబాదు, బొంబాయి బజార్లలో దీనికే 'పగిడీ' అని పేరు. మడిగెలో దిగేటప్పుడు ఒక పెద్ద మొత్తం చేతిలో పెడతారు, దానికి రసీదు ఉండదు. నెల కిరాయి మాత్రం తక్కువ వ్రాస్తారు. ఆ కిరాయిదారు పోయేటప్పుడు తన తరువాతివాడి దగ్గర ఇంకా పెద్ద పగిడీ పుచ్చుకొంటాడు. కాగితంమీద పాత పేరే, పాత కిరాయే. హాలీ సిక్కా రోజుల్లో ఏడు హాలీ రూపాయలు ఆరు కల్దార్ రూపాయలకు సమానం. ఆ సిక్కా 1950లలోనే చెలామణినుంచి పోయింది. కాని హాలీ రోజుల్లో రాసుకొన్న కిరాయి మీద పదో పరకో కలుపుతూ వచ్చిన మడిగెలు నగరంలో మేము చదువుకొనేనాటికీ ఉన్నాయి. బంగారం ధర ఎక్కడికి పోయింది, బియ్యం ధర ఎక్కడికి పోయింది, ఆ కిరాయి మాత్రం అక్కడే కూర్చున్నది.

ప్రభుత్వం చూస్తూ ఊరుకొన్నదా అంటే, చట్టాలు చేసింది. సంస్థానం 1948 సెప్టెంబరులో యూనియన్‌లో కలిసిన తరువాత, 1954లో హైదరాబాదు ఇండ్ల కిరాయి నియంత్రణ చట్టం వచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన తరువాత 1960లో మొత్తం రాష్ట్రానికి ఒక చట్టం వచ్చింది. న్యాయమైన కిరాయి ఇంత అని అధికారి నిర్ణయించవచ్చు, పైన పగిడీ పుచ్చుకోరాదు, కిరాయి ఎగ్గొట్టినా, మాలిక్ వ్రాతపూర్వక అనుమతి లేకుండా ఇంకొకరికి ఇచ్చినా, మాలిక్‌కు సొంత అవసరం పడినా ఖాళీ చేయించవచ్చు అని వ్రాశారు. ఆ రోజుల్లో ఇండ్లు దొరక్క జనం అల్లాడుతున్నారు, పేద కిరాయిదారుణ్ణి కాపాడటమే దాని నియ్యత్. అయితే గరీబు కాపురాన్ని కాపాడే గొడుగు కిందికి లక్షల గిరాకీ ఉన్న హోటలువాడు కూడా దూరాడు. 2005లో సవరణ చేసి, నగరపాలక ప్రాంతాల్లో నెలకు 3,500 రూపాయలు దాటిన కిరాయిలను ఆ చట్టం నుంచి తీసివేశారు. అప్పటికి రెండు తరాలు గడచిపోయాయి.

ఇంకొకటి మనవాళ్లు అందరూ చేసే తప్పు. 'పదకొండు నెలల అగ్రిమెంటు' అంటారు, ఎందుకు పదకొండో ఎవరికీ తెలియదు. ఏడాదికి మించిన లీజు రిజిస్టరు చేయనిదే చెల్లదని ఆస్తి బదిలీ చట్టం 107వ సెక్షను చెబుతుంది. ఆ రిజిస్టరు ఖర్చు తప్పించుకోవడానికి పదకొండు. ఆ పదకొండూ అయిన తరువాత ఎవరూ కొత్త కాగితం వ్రాయరు. నెల నెలా కిరాయి పుచ్చుకొంటూ ఇరవై ఏండ్లు గడుపుతారు. ఫుఖహాలు చెప్పిన ఏడాది నియమం కూడా చూడటానికి ఇట్లాగే ఉంటుంది. తేడా ఎక్కడంటే, వారు ఏటా తిరగరాయమన్నారు, మనం ఒకసారి వ్రాసి మరచిపొమ్మన్నట్లు చేసుకొన్నాము.

వక్ఫు ఆస్తుల గతి దేశమంతటా ఎట్లా ఉందో 2006లో సచార్ కమిటీ లెక్క తీసింది. నమోదైన ఆస్తులు సుమారు 4.9 లక్షలు, భూమి సుమారు 6 లక్షల ఎకరాలు, ఏడాది ఆదాయం సుమారు 163 కోట్ల రూపాయలు మాత్రమే. సక్రమంగా వాడుకొంటే ఏటా 12,000 కోట్ల వరకు రావచ్చునన్నది. లెక్కల మాస్టారు కాకపోయినా ఈ తేడా ఎవరికైనా తెలుస్తుంది. పిల్లల స్కాలర్‌షిప్పులకు దరఖాస్తులు వ్రాసి వ్రాసి మా చేతులు నొప్పి పుట్టాయి. ఆ దరఖాస్తుల డబ్బు ఎక్కడ ఆగిపోయిందో ఈ లెక్క చూస్తే అర్థమవుతుంది.

తరువాత చట్టం బిగించారు. 1995 చట్టం మూడేండ్లకు మించిన లీజు చెల్లదన్నది. మంచిదే, కాని మూడేండ్ల కాగితం చూసి ఏ వ్యాపారీ అంతస్తులు వేయడానికి డబ్బు పెట్టడు. అందుకని 2013 సవరణలో వ్యాపారం, విద్య, వైద్యం కోసం రాష్ట్ర ప్రభుత్వ అనుమతితో ముప్ఫై ఏండ్ల దాకా ఇవ్వవచ్చునన్నారు. లీజు గడువు తీరిన తరువాత కూడా కదలని కిరాయిదారుణ్ణి ఆక్రమణదారుగానే లెక్కపెట్టమన్నారు.

ఇంతలో నగరం మారింది. అబిడ్స్, బషీర్‌బాగ్, నాంపల్లి వైపు అంతస్తుల మీద అంతస్తులు లేచాయి. గగన్ విహార్, చంద్ర విహార్ వంటి హౌసింగ్ బోర్డు భవనాల్లో ఆఫీసులే నిండాయి. కాపురాలకు కట్టుకొన్న చోట కూడా కింద హోటలు, మధ్య ఆఫీసు వచ్చి కూర్చున్నాయి. ఆఫీసు కిరాయి ఎక్కువ, గొడవ తక్కువ, సాయంత్రం తాళం వేసిపోతారు. మాలిక్‌కు ఇంకేం కావాలి? మీద ఉండే కుటుంబాల మాట మాత్రం ఎవరికీ పట్టదు.

పట్టకపోతే ఏమౌతుందో 2025 మే 18న తెలిసింది. ఆదివారం ఉదయం, చార్మినారుకు కూతవేటు దూరాన గుల్జార్ హౌజ్ దగ్గర ఒక పాత భవనం అంటుకొన్నది. కింద నగల, ముత్యాల దుకాణాలు, మీద కాపురం. బయటికి రావడానికి ఇరుకు దారి, ఇరుకు మెట్లు. ఒకే కుటుంబం వారు, బంధువులు మొత్తం 17 మంది పొగకు ఊపిరాడక చనిపోయారు. అందులో ఎనిమిది మంది పిల్లలు. ఆ వార్త విన్ననాడు మాకు ఆ గది, ఆ మెట్ల కింది గ్యాసు బండలు కళ్లముందు నిలబడ్డాయి. మేము నలుగురం ఇంకా బతికి ఉన్నామంటే అల్లా దయ తప్ప మా తెలివి ఏమీ లేదు. రెండేండ్ల ముందు, 2023 మార్చిలో, సికింద్రాబాదు స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆఫీసుల్లో పనిచేసే ఆరుగురు యువతీ యువకులు ఇట్లాగే పొగలో పోయారు. అందుకే కార్యవర్గం వారిని ఒక్కటే కోరుతున్నాము. కింద భట్టీ పెట్టే హోటలుకు, మీద కాపురానికి ఒకే మెట్లు పెట్టకండి. రెండో మెట్లకు స్థలం పోతే ఒక మడిగె తగ్గుతుంది, తగ్గనివ్వండి.

ఇక చాచా ప్రశ్నకు మన ఊరి జవాబు. నగరంలో కథ ఒకటి, మనది ఇంకొకటి. మనది ఏజెన్సీ సరిహద్దు. 1959లో చేసిన భూబదిలీ నిబంధనలను 1963లో తెలంగాణ షెడ్యూల్డు ప్రాంతాలకు తెచ్చారు. 1970లో సవరించారు. అదే మనం 'ఒన్ ఆఫ్ సెవెంటీ' అని పిలిచేది. షెడ్యూల్డు ప్రాంతంలో స్థిరాస్తి బదిలీ గిరిజనులకు, లేదా గిరిజనులే సభ్యులుగా ఉన్న సంఘానికి తప్ప ఇంకెవరికి చేసినా చెల్లదు. ఇచ్చేవాడు గిరిజనుడు కాకపోయినా అంతే. చాలామంది బదిలీ అంటే అమ్మకమే అనుకొంటారు. కాదు, ఆ నిబంధనలో తాకట్టు, దానం, లీజు కూడా బదిలీలే. 1997లో సమత కేసులో సుప్రీంకోర్టు ప్రభుత్వం కూడా ఈ నియమానికి లోబడినదే అని చెప్పింది. ఈ చట్టం మనకు అడ్డమని విసుక్కొనేవారున్నారు. మేము విసుక్కోము. ఉప్పు, బట్ట అప్పుకింద ఇచ్చి కోయల చేనులు రాయించుకొన్న రోజులు ఈ అడవి మరచిపోలేదు. అప్పుడు కాగితం వ్రాసినవాడే గెలిచాడు.

కనుక మన స్థలం షెడ్యూల్డు గ్రామంలో ఉన్నట్లు తేలితే, బయటినుంచి వచ్చిన హోటలువాడికి మనం వ్రాసే కిరాయినామా కోర్టులో చిత్తుకాగితం. అతడు కదలనంటే కదిలించే దారి మనకు ఉండదు. మనం కదిలిస్తే అడిగే దారి అతనికీ ఉండదు. అదే మన కోయ సోదరుడో, లంబాడీ సోదరుడో హోటలు పెట్టుకొంటానంటే, ఆ లీజుకు చట్టం అడ్డు రాదు. సభలో ఈ మాట ఎవరూ అనలేదు గాని, మన సెంటర్లో చాయ్ బాగా కాచేవారు వారిలోనూ ఉన్నారు.

మొన్న జుమా నమాజు తరువాత చాచాకు ఈ సంగతులన్నీ చెప్పాము. ఆయన అంతా విని, "సర్వే నంబరు ఎవరన్నా చూసిన్రా?" అన్నారు. చూడలేదు. సోమవారం తహసీల్దారు కార్యాలయంలో నకలుకు దరఖాస్తు పెట్టాము. అది చేతికి వచ్చిన తరువాత, మడిగెలు ఎన్ని, మెట్లు ఎన్ని అన్నది కూర్చొని మాట్లాడుకొందాం.